రసూల్ సాబ్ రాసిన బనీన్లు

వంకమీదపల్లెలో ఫ్యాను తిరగడం కన్నా ఆగడం ముఖ్యం. తిరిగే ఫ్యాను రెక్కల మీద దాత పేరు కనపడదు మరి. రామాలయానికి ఫ్యాను ఇచ్చిన ఈశ్వరప్ప, మే నెల ఎండలో కూడా గుళ్ళోకి అడుగుపెట్టగానే ముందు స్విచ్చి ఆర్పేస్తాడు. తల పైకెత్తి మూడు రెక్కల మీదా ఉన్న తన తండ్రి పేరు మూడుసార్లు చదువుకుని, దేవుడికి దండం పెట్టుకుని, అప్పుడు మళ్ళీ ఫ్యాను వేస్తాడు. అంతసేపూ పూజారి చెమటలు కక్కుతూ మంత్రం చదవాల్సిందే. చర్చిలో ట్యూబులైటుదీ ఇదే కథ. ఇచ్చినాయన తన పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా అన్నీ దాని మీదే రాయించాడు. ఇక వెలుతురు బయటికి రావడానికి సందెక్కడుంది? పాస్టరు గారు సెల్‌ఫోను లైటుతో వాక్యం చదువుతారు.

ఈ అక్షరాలన్నీ ఒక్క చేతివే. ఆ చేయి రసూల్ సాబ్‌ది. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆయన పెయింటరు. గార్లదిన్నె నుంచి గుత్తి దాకా గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనక నీతివాక్యాలు, ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీల గుర్తులూ ఆయనే రాశాడు. పొద్దున ఒక పార్టీకి రాసిన చేత్తోనే మధ్యాహ్నం ఇంకో పార్టీకి రాసి, "నా బ్రష్షుకు ఓటు లేదప్పా" అనేవాడు. తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆయన నోట్లో మన్ను కొట్టాయి. అయితే ఫ్లెక్సీకి చేతకాని పని ఒకటుంది. ఫ్యాను రెక్కకు ఫ్లెక్సీ కట్టలేరు. బెంచీ గానీ, నీళ్ళ డ్రమ్ము గానీ, శవాన్ని మోసే పాడె గానీ, ఊరికి ఎవరేమిచ్చినా దాని మీద ఇచ్చినవాళ్ళ పేరుండాలి, ఆ పేరు రసూల్ సాబే రాయాలి. వస్తువు మీద పేరుందంటే అది దాతదే. సూర్యుడు తూర్పున పొడుస్తాడని ఎలా తెలుసో, ఆయనకు ఇదీ అలాగే తెలుసు.

ఇంత తెలిసిన మనిషే ఊరి ఆడపిల్లల కబడ్డీని నట్టేట ముంచబోయాడు.

ఆ ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. వారానికి మూడు రోజులు జోయల్ అనే కోచ్ అనంతపురం నుంచి బండి మీద వస్తాడు. రసూల్ సాబ్ మనవరాలు నాజ్‌నీన్‌కు పద్నాలుగేళ్ళు. ఇంట్లో ఆ పిల్ల నోట మాట రాదు. అన్నం కావాలా అంటే తల ఊపుతుంది, వద్దా అన్నా తలే ఊపుతుంది. అట్లాంటిది గీత దాటి కూత పెట్టిందంటే చింతచెట్టు మీద కాకులు లేచిపోతాయి. మొదటిసారి ఆ కూత విన్నరోజు రసూల్ సాబ్ చేతిలోని బ్రష్షు జారి పడిపోయింది. తన ఇంట్లో ఇంత గొంతు దాగి ఉందని ఆయనకు తెలియదు. అప్పటి నుంచి కబడ్డీ అంటే ఆయనకు ప్రాణం. ఊరివాళ్ళు ఆయన్నే కమిటీ అధ్యక్షుణ్ణి చేశారు. అసలు సంగతేమిటంటే ఇంకెవరూ ఒప్పుకోలేదు.

పోయిన ఏడాది పుట్టపర్తిలో జరిగిన పోటీలకు పిల్లలు తలా ఒక రంగు బట్టతో, చెప్పుల్లేని కాళ్ళతో పోయారు. ఒకమ్మాయి అయితే వాళ్ళమ్మ నైటీని నడుము దగ్గర కత్తిరించి వేసుకుంది. నిర్వాహకులు వీళ్ళను బరిలోకే దిగనివ్వలేదు. ఈ ఏడు సంస్థ తరఫున ఎలిజబెత్ మేడమ్ వచ్చి కమిటీని కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"కోచ్‌ని మేము పంపిస్తాం. బట్టలు, బూట్లు, తిండి ఊరు చూసుకోవల్ల. ఈసారి టీము రూలు ప్రకారం దిగి ఆడితే కబడ్డీ సెంటరు ఈడే ఉంటుంది. ఆడకుండా తిరిగొస్తే మాత్రం వేరే ఊరికి మార్చేస్తాము. నా చేతిలో ఏమీ లేదు సాబ్."

నాజ్‌నీన్ గుమ్మం పక్కన నిలబడి ఇదంతా విన్నది. తాత వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపుకు ముసలాయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయాడు.

మూడో రోజు సంచి భుజాన వేసుకుని ఊరి మీద పడ్డాడు. వేరుశనగ మూడేళ్ళుగా నోటికందని ఊళ్ళో చందా అడగడమంటే బోడి తలకు దువ్వెన అమ్మడమే.

"దుడ్లు లేవు సాబూ. కావాలంటే సామాను ఇస్తా" అన్నారు ప్రతి ఇంట్లోనూ.

ఆ సామాను చూడాలి! ఒకాయన పాడైపోయిన డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి ఇచ్చాడు. అవి మాత్రం పనికొచ్చాయి, కోర్టుకు గీతలుగా పరిచారు. ఇంకొకాయన కోడిపెట్టనిచ్చి, దాని మీద తన పేరు రాయమన్నాడు. రెక్కల మీద రంగు నిలవదని చెబితే, పోనీ అది పెట్టే గుడ్ల మీద రాయమన్నాడు. బాలప్ప అయితే రసూల్ సాబ్‌ను చెయ్యి పట్టుకుని చేనికి తీసుకుపోయి, ఏడువందల అడుగులు తవ్వినా చుక్క పడని బోరును చూపించాడు.

"ఇది ఇస్తాన్నా సాబూ. పిల్లోళ్ళ పేరు చెప్పి తీసుకో."

"బోరుతో కబడ్డీ ఎట్లాడల్లప్పా?"

"అది నన్నడిగితే ఎట్ల? నాకైతే అక్కరకు రాలా. మీకన్నా వస్తాదేమోనని ఇస్తాన్నా."

బాలప్ప కూతురు కూడా టీములో ఉంది. ఇవ్వడానికి ఆ ఇంట్లో నిజంగానే ఇంకేమీ లేదు. రసూల్ సాబ్‌కు అది తెలుసు కాబట్టి నవ్వలేదు. "నీ మనసు మంచిది" అని చెప్పి వచ్చేశాడు.

వారమైంది. సంచిలో అర బస్తా వేరుశనగకాయలు, నాలుగు శేర్ల రాగులు చేరాయి. బట్టలు మాత్రం ఒక్క జత రాలేదు. అప్పుడు జోయల్ పోటీల నియమాల కాగితం ఇచ్చి పోయాడు. రసూల్ సాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. అందులో అయిదో నియమం: "బనీను వెనుక భాగంలో పేరు స్పష్టంగా కనిపించవలెను."

చదవగానే ముసలాయన ముఖం వెలిగిపోయింది. "పేరు రాయొచ్చంట!" అని కేక పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

ఇక చూడండి! బనీను మీద పేరు పడుతుందని, అది పుట్టపర్తిలో రెండు జిల్లాల జనం ముందు తిరుగుతుందని తెలియగానే, పిల్లికి బిచ్చం వేయనివాళ్ళు కూడా దారికొచ్చారు. అందరికన్నా ముందు ఇచ్చింది లక్ష్మీనరసమ్మ. బస్టాండు దగ్గర బొండాలు వేసి అమ్మే ముసలామె. పోయిన మొగుడు శ్రీరంగప్ప పేరు మీద ఒక బనీను, ఒక బూట్ల జత. తర్వాత ఈశ్వరప్ప తన తండ్రి నల్లప్ప పేరు మీద ఇంకో బనీను, ఇంకో బూట్ల జత. అది చూసి ఇంకో ఇద్దరు తమ ఇళ్ళల్లో పోయినవాళ్ళను గుర్తు చేసుకున్నారు. మాజీ సర్పంచ్ విజయభాస్కర్ ఒక్కడే రెండు బనీన్లు ఇచ్చాడు, బతికున్న తన పేరు మీదే. ఏడోది కమిటీ తన మీద వేసుకుంది. దాని మీద 'గ్రామ ప్రజలు' అని రాస్తే సరిపోయింది.

రసూల్ సాబ్ అయిదు రోజులు ఇంటి ముందు మంచం వేసుకుని రాశాడు. ఎంత శ్రద్ధగా రాశాడంటే, 'కీర్తిశేషులు' అన్న మాటకు చుట్టూ పూలదండ కూడా వేశాడు. విజయభాస్కర్‌తోనే తలప్రాణం తోకకొచ్చింది. ఆయన రాసిచ్చిన పేరు 'ప్రజాబంధు, దానశీలి, మాజీ సర్పంచ్ శ్రీ విజయభాస్కర్ గారు'. బక్క పిల్లల వీపు మీద అంత పేరు ఎక్కడ పడుతుంది? 'మాజీ సర్పంచ్ శ్రీ' దాకా ఒక బనీను మీద, మిగతాది రెండో బనీను మీద రాసి, ఆ ఇద్దరు పిల్లలూ ఎప్పుడూ పక్కపక్కనే నిలబడాలని చెప్పాడు.

నాజ్‌నీన్ తన బనీను అందుకుని చాలాసేపు చూసింది. ఆమెకు నల్లప్ప వచ్చాడు.

"దాదా, ఇది నా పేరు కాదు కదా."

"నువ్వు కొన్న్యావా?"

"లేదు."

"మరి నీ పేరెట్లుంటాది?"

పిల్ల తల ఊపింది. ఆ తల ఊపడానికి అర్థమేమిటో అప్పుడైనా ఆలోచించి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

పోటీల రోజు దాతలంతా టెంపో మాట్లాడుకుని పుట్టపర్తికి వచ్చారు. కుటుంబాలతో సహా వచ్చారు. తమ పేర్లు తిరగడం చూడటానికి వచ్చినవాళ్ళు, ఆట చూడటానికి కాదు. పిల్లలు జోయల్‌తో లోపలికి పోయారు. పైన చున్నీలు కప్పుకుని ఉండటంతో అతను బనీన్ల వెనక ఏముందో చూడలేదు. పిల్లలు చున్నీలు తీసి బరిలో నిలబడినప్పుడు చూశాడు. నోరు తెరిచాడు గానీ అప్పటికే రెఫరీ విజిల్ ఊదేశాడు.

మైకు దగ్గర కూర్చున్న వ్యాఖ్యాతకు ఆడేవాళ్ళ పేర్ల జాబితా ఇంకా అందలేదు. గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వీపుల మీద ఏముంటే అది చదవడం మొదలుపెట్టాడు.

"వంకమీదపల్లె జట్టు తరఫున తొలి కూతకు బయలుదేరుతున్నారు... కీర్తిశేషులు శ్రీరంగప్ప గారు!"

ఆ బనీను వేసుకున్నది యేసన్న కూతురు రూతు. గాలి లాగా దూసుకుపోయింది. అవతలి పిల్లలు మైకులో మాట విని, ఆ వీపు మీద పూలదండ చూసి, రెండడుగులు వెనక్కి వేశారు. చచ్చినవాణ్ణి ముట్టుకోవడం ఎందుకని వాళ్ళ బాధ. రూతు తీరిగ్గా ఇద్దరిని తాకి వచ్చేసింది.

"శ్రీరంగప్ప గారికి రెండు పాయింట్లు!"

లక్ష్మీనరసమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. "బతికినన్నాళ్ళు ఒక పనీ సక్కంగ చేసినోడు కాదు, సూడు."

తర్వాత నాజ్‌నీన్ కూతకు పోయింది. ఈసారి అవతలి వాళ్ళు తెగించారు. నలుగురు కలిసి ఆమె కాలు దొరకబుచ్చుకున్నారు.

"నల్లప్ప గారి మోకాలు దొరికింది! లాగుతున్నారు! కీర్తిశేషులు నల్లప్ప గారు నేల మీద పాకుతున్నారు!"

"రేయ్, మా నాయన మోకాలు వదలండి!" అని ఈశ్వరప్ప కుర్చీ ఎక్కి అరిచాడు. "ఆయప్పకు ఆ మోకాలే నొప్పి!"

అంతలో విజయభాస్కర్ మొదటి సగం వేసుకున్న పిల్ల గీత తొక్కింది. "మాజీ సర్పంచ్ ఔట్!" అని మైకు మోగింది. వంకమీదపల్లె జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. తమ జట్టే కదా ఔటైంది అని ఎవరికీ గుర్తు రాలేదు. విజయభాస్కర్ ముఖం కందగడ్డయింది.

అప్పుడు వచ్చింది జాబితా. రెఫరీ దాన్ని చూశాడు, వీపుల వంక చూశాడు, ఆట ఆపించాడు. జట్టు పెద్ద ఎవరని అడిగితే రసూల్ సాబ్ నవ్వుతూ ముందుకొచ్చాడు. బాగా రాశావని మెచ్చుకుంటారని ఆయన ఆశ.

"ఈ శ్రీరంగప్ప, నల్లప్ప ఎవరయ్యా?"

"దాతలు సార్. పేరు రాయమని మీ రూలే కదా?"

"ఆడేవాళ్ళ పేరు రాయాలయ్యా!"

రసూల్ సాబ్‌కు ఆ మాట బుర్రకెక్కలేదు. రెండుసార్లు రెప్పలు కొట్టాడు. "ఆడేటోళ్ళ పేరా? వాళ్ళేమిచ్చినారు సార్?"

రెఫరీ గడియారం చూసుకున్నాడు. "అరగంట టైమిస్తాను. పేర్లు సరిచేసుకుని వస్తే మళ్ళీ మొదటి నుంచి ఆడిస్తా. లేకపోతే మీ జట్టు ఆడనట్టే."

ఆడనట్టే! సెంటరు పోయింది. నాజ్‌నీన్ కూత పోయింది. చెడగొట్టింది ఎవరో కాదు, రసూల్ సాబ్ చెయ్యే. పిల్లలు ఏడుగురూ బెంచీ మీద కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. ఎనామిల్ పెయింటు, గీకితే బట్ట చిరుగుతుంది గానీ అక్షరం పోదు.

"తిరగేసి తొడుక్కుంటే?" అన్నాడు జోయల్. "లోపలి పక్క తెల్లగానే ఉంది కదా సార్. బ్రష్షు తెచ్చినారా?"

తెచ్చాడు. దాతల్లో ఎవరికైనా తమ పేరు ఇంకాస్త లావుగా కావాలనిపిస్తే దిద్దిపెడదామని డబ్బా, బ్రష్షు సంచిలో పెట్టుకునే వచ్చాడు. పిల్లలు లోపలికి పోయి తిరగేసి వేసుకొచ్చారు. వాళ్ళ వీపుల ముందు రసూల్ సాబ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, సగం మంది పేర్లు ఆయనకు రావు. యేసన్న పాప, బాలప్ప కూతురు, మేకలోళ్ళ చిన్నది, ఇంతవరకే తెలుసు. ఒక్కొక్కరినీ "నీ పేరేమి తల్లీ?" అని అడిగి రాయాల్సి వచ్చింది. అడిగిన ప్రతిసారీ సిగ్గుతో ఆయన తల కాస్త వంగింది.

నాలుగు వీపులయ్యాయో లేదో విజయభాస్కర్ మందీమార్బలంతో ఊడిపడ్డాడు.

"నా పేరు లోపలికి తిప్పుతావా? అట్లయితే నా బనీన్లు రెండూ నాకిచ్చేయ్. ఇప్పుడే!"

"అన్నా, ఏడుమంది లేకుంటే ఆడనియ్యరన్నా" అని రసూల్ సాబ్ చేతులు జోడించాడు. చేతిలో బ్రష్షు ఉండటంతో ఆయన గడ్డానికే నీలం చార పడింది.

"అదంతా నాకు తెలీదు. నా సొత్తు నాకు కావల్ల."

జనం గుమిగూడారు. జోయల్ ఏదో చెప్పబోయాడు. అంతలో బొండాల గంప పక్కన పెట్టి లక్ష్మీనరసమ్మ వచ్చింది. ఆమె గొంతు బస్టాండులో ఇంజను శబ్దం మీద తేలే గొంతు.

"ఏమప్పా విజయభాస్కరా! పుట్టపర్తి నడిమధ్యలో ఆడపిల్లోళ్ళ ఒంటిమీద గుడ్డ ఇప్పియ్యమంటాండావా? పెద్దమనిషివి, నీకేం పోయేకాలమప్పా?"

చుట్టూ ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తారు. విజయభాస్కర్ ఆ ఫోన్ల వంక చూశాడు. "అదికాదక్కా, నేనన్నది..." అని నసిగి, జనంలో సందు చూసుకుని, టెంపో వైపు వేగంగా నడిచిపోయాడు.

"నీ శ్రీరంగప్ప కూడా లోపలికే పోయినాడక్కా" అన్నాడు రసూల్ సాబ్ భయంభయంగా.

"పోనీలే. ఆయప్ప ఎప్పుడు ఇల్లు కదిలినాడు గనక? లోపలుండేది ఆయనకేం కొత్తగాదు. నువ్వు రాయి, టైమైతాంది."

ఏడు పేర్లూ పూర్తయ్యాయి. పిల్లలు ఎండకు వీపులు పెట్టి, అప్పడాలు ఆరబెట్టినట్టు వరసగా నిలబడ్డారు. సగం ఆరింది, సగం ఆరలేదు. ఆట మొదలయ్యాక వాళ్ళను వెనక నుంచి పట్టుకున్న అవతలి పిల్లల అరచేతులన్నీ నీలమయ్యాయి. ఒకమ్మాయి చెంప మీద 'నాజ్' అని ఉల్టాగా అచ్చు పడింది. మైకులో ఇప్పుడు రూతు అన్నారు, నాజ్‌నీన్ అన్నారు. బాలప్ప తన కూతురి పేరు వినపడగానే పక్కవాడి భుజం పట్టుకుని, "మేమేమీ ఇయ్యలేదే, మా పాప పేరు చెప్తాండారు!" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాడు. చివరకు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

వంకమీదపల్లె మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఎలిజబెత్ మేడమ్ వచ్చేసరికి ఊరివాళ్ళు ఈలలు వేస్తూ ఎగురుతున్నారు.

"ఓడిపోయినారు కదా?" అంది ఆమె.

"అది ఇడ్సిపెట్టండి మేడమ్. సెంటరు ఉంటాదా, పోతాదా?" అన్నాడు రసూల్ సాబ్.

"రూలు ప్రకారం ఆడినారు. మీ ఊర్లోనే ఉంటుంది."

నాజ్‌నీన్ నోరు తెరిచి కూత పెట్టింది. ఆటలో కాదు, ఊరికే, తాత చెవి పక్కన నిలబడి. ముసలాయన చెవి గంటసేపు గింగురుమంది. ఆయన అడ్డుకోలేదు.

టెంపో ఎక్కేముందు అందరూ నీడన కూర్చుని బొండాలు తిన్నారు. లక్ష్మీనరసమ్మ రూతు వీపు మీది అక్షరాల వంక తదేకంగా చూస్తోంది.

"సాబూ, ఈడ ఏమని ఉండాది?"

"రూతు అని అక్కా."

"ఇంతేనా? రెండు ముక్కలే." గంప మీద మూత పెట్టి అడిగింది. "నీతో ఎన్నిసార్లు పేరు రాయించింటా నేను? బడికి బెంచీ ఇచ్చినా, గుడికి డ్రమ్ము ఇచ్చినా. బొండాలేసింది నేను. నా పేరు యాడన్నా ఒకసారి రాసినావా?"

రసూల్ సాబ్ ఆలోచించాడు. బెంచీ మీద శ్రీరంగప్ప. డ్రమ్ము మీద శ్రీరంగప్ప. బనీను మీద శ్రీరంగప్ప. ముప్పై తొమ్మిదేళ్ళలో వేల పేర్లు రాసిన చెయ్యి ఆమె పేరు ఒక్కసారీ రాయలేదు.

"రాయొద్దులే, ఊరికే అడిగినా. ఎట్లుంటాదో అని" అంది ఆమె.

ఆయన లేచి సంచి వెతికాడు. బట్టల కొట్టువాడు ఎందుకైనా మంచిదని అదనంగా వేసిన ఎనిమిదో బనీను అడుగున ఉంది. దాన్ని బొండాల గంప మూత మీద పరిచి, డబ్బాలో మిగిలిన రంగంతా ఊడ్చి తీసి, తొందరపడకుండా రాశాడు. లక్ష్మీనరసమ్మ. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వచ్చింది.

ఆమె తడి తగలకుండా గాల్లోనే వేలు ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించింది.

"ఇంత పొడుగుండాదా నా పేరు!"

చీర మీదనే ఆ బనీను వేసుకుంది. పిల్లలు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పుట్టపర్తి నుంచి వంకమీదపల్లె దాకా టెంపోలో ఆమె సీటుకు వీపు ఆనించలేదు.